పోవడమే తెలిసిన పరువు

పరువు సంపాదించుకున్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. పోగొట్టుకున్నవాళ్లను మాత్రం చాలామందిని చూశాను. మనం మాట్లాడే తీరు కాస్త గమనించండి. పరువు పోతుంది, బజారున పడుతుంది, మంట గలుస్తుంది. పిల్లలు దాన్ని తీస్తారు, అల్లుళ్లు తీస్తారు. మిగతా చోట్ల గంగలో కలిసేది మా వైపు గోదావరిలో కలుస్తుంది. అదృష్టం బాగుంటే దక్కుతుంది. అంతకుమించి దానికి మంచి రోజులు లేవు. 'ఈ ఏడాది వాళ్లబ్బాయికి మంచి పరువు వచ్చింది' అని ఎవరైనా అనగా విన్నారా? పేరు వస్తుంది, పేరు తెచ్చుకుంటారు, పేరు నిలబెడతారు, చెడ్డపేరును మాపుకుంటారు కూడా. పరువుకు మాత్రం ఆదాయం లేదు, అన్నీ ఖర్చులే.

'పరువుగా బతికాడు' అంటాం కదా అని మా బంధువు ఒకాయన అడ్డు తగిలారు. నిజమే. కానీ ఆ మాటకు అర్థం ఏమిటి? చివరిదాకా పోగొట్టుకోకుండా బతికాడనే. 'పరువు ప్రతిష్ఠలు సంపాదించాడు' అన్నప్పుడు సంపాదన అంతా ప్రతిష్ఠది, పరువు పక్కన ఊరికే నిలబడింది. 'పరువు గల కుటుంబం' అన్నామంటే ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ అది పుట్టుకతోనే దక్కుతుందని, ఇక జీవితమంతా దానికి కాపలా కాయాలని అర్థం. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి ఈ కాపలా ఎంత కష్టమో, ఆ కాపలాకు జీతం ఎవరి చేతిలోంచి కోస్తారో దగ్గరగా చూశాను. ఆ లెక్కే ఇక్కడ తేల్చాలని.

ఇంగ్లీషువాళ్లు రెప్యుటేషన్ అనే మాటను మరో దారిలో తెచ్చుకున్నారు. లాటిన్‌లో పుటారే అనే క్రియ ఉంది. తొలి అర్థం కొమ్మలు కత్తిరించి శుభ్రం చేయడం, అంటే ద్రాక్షతోటల్లో చేసే పని. తర్వాత అది చిక్కులు తీసి లెక్కలు తేల్చడమైంది, ఆపైన ఫలానా అని ఎంచడం, భావించడం అయింది. దానికి ముందు 'మళ్లీ' అని చెప్పే 'రె' చేరితే రెపుటారే: ఒకసారి చూసిన లెక్కను మళ్లీ చూసుకోవడం, మనసులో తిరగేసుకోవడం. అందులోంచి పుట్టిన నామవాచకం 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి చేరింది. దాని చుట్టాలు మన ఊళ్లలోనూ తిరుగుతున్నారు. కంప్యూటర్ ఆ క్రియ సంతానమే. డిప్యూటీ తహసీల్దారు హోదాలో ఉన్నదీ అదే. ఆస్పత్రిలో కాలో చెయ్యో తీసేయడాన్ని చెప్పే యాంప్యుటేషన్ మాత్రం పాత కత్తిరింపు పనిని ఇంకా వదల్లేదు.

ఈ కథలో నాకు పనికొచ్చేది ఒక్కటే. రెప్యుటేషన్ పుట్టుకలో లెక్క ఉంది. ఆ లెక్క వేసేది నేను కాదు, నన్ను చూస్తున్నవాడు. పుస్తకం వాడి దగ్గర ఉంటుంది. నేను చేయగలిగింది అందులో పడే పద్దులు మంచివిగా ఉండేలా చూసుకోవడమే. పుస్తకాన్ని నా ఇంట్లో దాచి తాళం వేసుకోవడం కుదరదు.

తెలుగులో దీనికి దగ్గరగా వచ్చే మాట మన కళ్ల ముందే, ఊరి మధ్యలో బోర్డు మీద ఉంది: ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం. దేశంలో సహకార పరపతి సంఘాలకు తొలి చట్టం 1904లో వచ్చింది. ఆ బోర్డు మీద పరపతి అంటే అప్పు. బోర్డు కింద నిలబడి మాట్లాడుకునేవాళ్లకు పరపతి అంటే పలుకుబడి. 'ఆయనకు బోలెడు పరపతి ఉంది' అంటే ఆయనకు అప్పు పుడుతుందని ఒకప్పుడు, ఆఫీసుల్లో పని జరుగుతుందని ఇప్పుడు. రెండింటి అడుగునా ఉన్నది ఎదుటివాళ్ల నమ్మకమే.

డెల్టాలో ఈ మాట ఉత్త మాట కాదు. ఇక్కడ పొలం దున్నేవాళ్లలో కౌలు రైతులు చాలా ఎక్కువ. భూమి ఒకరిది, చెమట మరొకరిది. పట్టాదారు పాసుపుస్తకం లేనివాడికి బ్యాంకులో పంట రుణం పుట్టడం గగనం. ఆ లోటు తీర్చడానికే ఉమ్మడి రాష్ట్రంలో 2011లో ఒక చట్టం చేసి రుణ అర్హత కార్డులన్నారు, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంకో చట్టం చేసి సాగుదారు హక్కు పత్రాలన్నారు. కార్డు చేతికొచ్చినా పని అవ్వనివాళ్లు చివరికి వెళ్లేది తెలిసిన ఎరువుల కొట్టుకో, ధాన్యం వ్యాపారి దగ్గరికో. అక్కడ తాకట్టు పెట్టడానికి కౌలు రైతు దగ్గర ఉన్నది పేరొక్కటే. పరువు తాకట్టు పెట్టుకుని ఎవరూ బస్తా యూరియా ఇవ్వరు.

చాలా ఏళ్ల కిందట మా చిన్నాన్న వెంట ఒక ఊరికి వెళ్లాను. మా అక్కకు సంబంధం చూస్తున్నారు, అబ్బాయి కుటుంబం గురించి వాకబు చేయాలి. వాకబు అనేది డెల్టాలో ఒక విద్య. సూటిగా ఆ ఇంటికి వెళ్లకూడదు. ఊరి మొదట్లో దిగి, దారి తెలియనట్టు నిలబడి, కిరాణా కొట్లో ఏదో ఒకటి కొని, మాట కలపాలి. చిన్నాన్న కొబ్బరినూనె సీసా కొన్నారు. కొట్టు యజమాని పెద్దాయన. విషయం ఆయనకు మేము నోరు విప్పకముందే అర్థమైనట్టుంది.

'కుర్రాడికేమండీ, బంగారం' అన్నారు ముందు. అది అందరి గురించీ అనే మాట కాబట్టి చిన్నాన్న కదల్లేదు. సీసాను కాగితంలో చుట్టి ఇస్తూ పెద్దాయన మెల్లగా అన్నారు: 'వాళ్ల నాన్నగారు పంట రాగానే పద్దు తీర్చేస్తారండి. పంట రాకపోతే ఆయనే వచ్చి చెప్పి వెళతారండి.' చిన్నాన్న చిల్లర తీసుకుని బయటికి వచ్చి, 'ఇంక చాలురా, వెళ్దాం పద' అన్నారు. ఆ ఇంటివాళ్లకు ఎన్ని ఎకరాలుందీ, ఎవరి తాలూకు, మేడ ఉందా పెంకుటిల్లా అనేవి అడగనే లేదు.

ఆ పెద్దాయన చెప్పిన రెండు వాక్యాల్లో నన్ను పట్టుకున్నది రెండోది. అప్పు తీర్చడం గొప్పే, కానీ డబ్బు చేతిలో ఉన్నప్పుడు ఎవరైనా తీరుస్తారు. తుపాను పంటను పడగొట్టిన ఏడాది కొట్టు ముందు నుంచి తల తిప్పుకుని పోకుండా, లోపలికి వచ్చి 'ఈసారి ఇవ్వలేనండి' అని చెప్పడం ఉంది చూశారా, అది పరువుకు భంగం. నలుగురు కూర్చున్న కొట్లో లేమిని ఒప్పుకోవడం. పరువు లెక్కలో అది నష్టం, పేరు లెక్కలో జమ. ఒకే పని రెండు పుస్తకాల్లో రెండు వైపులా పడింది. ఈ రెండూ ఒకటి కావని నేను పట్టుబట్టడానికి మూలం ఆ కొట్టే.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలు ఈ విషయంలో పేరు పక్షమే. కీర్తికీ కీర్తనకూ ధాతువు ఒకటే: నోటితో చెప్పడం. ఖ్యాతికి మూలం 'ఖ్యా', చెప్పడం, తెలియజేయడం. విచిత్రమేమిటంటే సంఖ్య కూడా అక్కడి నుంచే వచ్చింది, లాటిన్‌లో లాగే ఇక్కడా పేరూ లెక్కా ఒక ఇంటివే. వేదంలో శ్రవస్సు అంటే కీర్తి, వినబడేది అని అర్థం. ఒకరు చెప్పాలి, ఇంకొకరు వినాలి. చనిపోయినవారి పేరుకు ముందు కీర్తిశేషులు అని రాస్తాం, అంటే మిగిలింది జనం నోట్లో ఉన్నదే. పరువుశేషులు అని రాయం.

ఛాందోగ్యోపనిషత్తులో జానశ్రుతి అనే ఆయన కథ ఉంది. గొప్ప దాత. ఎక్కడికక్కడ సత్రాలు కట్టించి, ఎక్కడున్నవాళ్లయినా నా అన్నమే తినాలి అనుకున్నాడు. ఆ 'నా' మీద కాస్త ఆగండి. ఒక రాత్రి హంసలు ఎగిరి వెళుతుంటే వాటిలో ఒకటి, జానశ్రుతి తేజస్సు ఆకాశమంతా పరుచుకుంది, తగిలితే కాలిపోతావు, జాగ్రత్త అంది. రెండోది, ఎవరీ జానశ్రుతి, బండి రైక్వుడి గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నావే అని తేల్చేసింది. ఆ మాటలు జానశ్రుతి చెవిన పడ్డాయి. పాపం, తెల్లవారగానే ఆ బండివాడెవరో వెతకమని మనిషిని పంపాడు. ఆ రైక్వుడు బండి కింద కూర్చుని ఒళ్లు గోక్కుంటూ దొరికాడు. దాతకు నిద్ర పట్టకుండా చేసినవాడు తన గురించి హంసలు ఏమనుకుంటున్నాయో పట్టించుకోనివాడు. ఉపనిషత్తుకు హాస్యం తెలియదనేవాళ్లు ఈ ఘట్టం చదవలేదు.

నాకు ఈ కథ చదివినప్పుడల్లా లంకల గన్నవరం గుర్తొస్తుంది. డొక్కా సీతమ్మ 1841లో పుట్టి 1909లో కన్నుమూసింది. గోదావరి పాయలు దాటి వచ్చిన బాటసారులకు వేళ కాని వేళ అన్నం పెట్టింది. రాజు కాదు, సత్రాల వరస కట్టించలేదు, తన వంటింట్లో పొయ్యి ఆరనివ్వలేదు. బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి రమ్మంటే వెళ్లలేదని, దొరలు ఆమె ఫొటో తెప్పించుకున్నారని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత గన్నవరంలో కాలువను గోదావరి పాయ మీదుగా దాటించే అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు, 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ పెట్టారు. ఆ పేరును కాపాడమని ఆమె ఎవరినీ పురమాయించినట్టు ఎక్కడా వినలేదు. తిన్నవాళ్లు మోశారు.

పేరు న్యాయంగా పంచబడుతుందని నేను అనడం లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారు. దాన్ని కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ విగ్రహం లేని కాలువగట్టు డెల్టాలో అరుదు. కొందరు సంకల్పంలో ఆయన్ను భగీరథుడని తలుచుకుంటారు. సార్వాకు, అంటే ఖరీఫ్ పంటకు, నీళ్లు వదిలిన ప్రతిసారీ ఆ పద్దు కొత్తగా పడుతుంది కాబట్టి దానికి ఢోకా లేదు. కానీ ఆయన దగ్గర కుడిభుజంగా పనిచేసిన వీణెం వీరన్న పేరు ఎంతమందికి తెలుసు? రాళ్లు మోసిన వేలమంది కూలీల సంగతి సరేసరి. లెక్క రాసేవాళ్లకు చెయ్యి నొప్పి పుట్టి ఒక పేరు దగ్గర ఆపేస్తారు. పేరుకు ఈ జబ్బు ఉంది. కానీ ఈ జబ్బుకు మందుంది, వదిలేసిన పద్దును తర్వాతైనా చేర్చవచ్చు. పరువుకు అలాంటి వెసులుబాటు లేదు.

ఇక నరసాపురం. నేను చెప్పదలచుకున్నదానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు నాకు దొరకలేదు.

19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం పూట అరుగు మీద చూడవచ్చు: ఎడమచేతి చూపుడువేలికి చుట్టిన దారం, కుడిచేతిలో కొక్కెం సూది, ఒళ్లో తెల్లగా పెరిగే పువ్వు. కళ్లు సూది మీద ఉండవు, వీధిలోనో పొయ్యి మీదో ఉంటాయి. చేతులు వాటంతటవే లెక్క వేసుకుంటాయి, ఎన్ని ముడులకు ఒక రేకు, ఎన్ని రేకులకు ఒక పువ్వు. ఆ పువ్వులను మరొకరు అతుకుతారు, మధ్యవర్తి వచ్చి పట్టుకెళతాడు, ఎగుమతిదారు ఓడ ఎక్కిస్తాడు. ఎక్కడో ఐరోపాలో బల్ల మీద గుడ్డయ్యేసరికి దాని ధరకూ అల్లిన చేతికి ముట్టిన కూలికీ మధ్య సముద్రమంత దూరం ఉంటుంది.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆమె అడిగిన ప్రశ్న సులువైనది. రోజుకు అన్ని గంటలు పనిచేసేవాళ్లకు అంత తక్కువ కూలి ఎందుకు? ఆమెకు దొరికిన జవాబు: వాళ్లను కూలీలుగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఇంట్లో ఉండే ఇల్లాలు తీరికవేళ అల్లుకునే అల్లిక అన్నారు వ్యాపారులు, అన్నారు భర్తలు, కొన్నిసార్లు ఆ స్త్రీలే అన్నారు. పొలం పనికి వెళ్లడం కుటుంబ హోదాకు తక్కువ కాబట్టి గడప దాటకూడదు. ఆ హోదా లేని దళిత స్త్రీలు పొలానికి వెళ్లి తెచ్చే కూలి, నీడపట్టున కూర్చుని లేసు అల్లేవాళ్ల రాబడికన్నా ఎక్కువగా ఉండేదని కూడా ఆమె గమనించింది.

దీన్ని రోజుకూలి లెక్కలో పెట్టి చూడండి. పొలం కూలికీ లేసు కూలికీ మధ్య ఉన్న తేడా ఎంతో, ఆ ఇంటి పరువు ధర అంత. రోజూ ఆ డబ్బు ఆ స్త్రీ వేళ్ల నుంచి కోసేశారు. 'మా ఆడవాళ్లు గడప దాటరు' అని రచ్చబండ దగ్గర చెప్పుకున్న మగవాడి జేబులోంచి రూపాయి పోలేదు. పరువుకు ఆదాయం లేదన్నాను కదా, ఖర్చు మాత్రం ఇలా ఎవరో ఒకరు భరిస్తారు. చాలాసార్లు ఆ 'ఎవరో' ఆ పరువు గురించి మాట్లాడే చోట కూర్చునే వీలు లేనివాళ్లు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందు ఏడాది, 2023లో ఆత్రేయపురం పూతరేకులకు వచ్చింది. ఆ దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘం పేరులోనూ కాటన్ దొరే ఉన్నాడు, చూశారా ఆయన పద్దు ఎలా పెరుగుతుందో. ఈ గుర్తింపులిచ్చే 1999 నాటి చట్టం నిర్వచనంలో ఒక చక్కని సంగతి ఉంది. సరుకు నాణ్యత గానీ, రెప్యుటేషన్ గానీ, ఇంకేదైనా లక్షణం గానీ ప్రధానంగా ఆ చోటు వల్ల వచ్చి ఉండాలట. అంటే మంచి పేరు కూడా నేల మీద పండే పంటేనని చట్టం ఒప్పుకుంది. హైదరాబాదు వీధిలో ఎవడో రేకులు చుట్టి ఆత్రేయపురం అని బోర్డు పెడితే, అతడు దొంగిలించింది ఊరి పేరును.

ఆ పేరును పండించింది ఎవరు? బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పక్కన గిన్నెలో పల్చటి బియ్యపు పిండి. దాని ముందు కూర్చున్న మనిషి, ఎక్కువగా స్త్రీయే, తడిగుడ్డను పిండిలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. కన్ను మూసి తెరిచేలోగా కాగితంకన్నా పల్చటి రేకు లేస్తుంది. వేడి కాస్త ఎక్కువైతే పెళుసై విరుగుతుంది, తగ్గితే కుండను వదలదు. ఆ వేడి ఎంతో చెప్పే కొలత వాళ్ల చేతిలో తప్ప ఎక్కడా లేదు. పెట్టె మీద ఊరి పేరు, దుకాణం పేరు ఉంటాయి. చేతి పేరు ఉండదు. భౌగోళిక గుర్తింపును నేను మెచ్చుకుంటాను, కానీ అది ఊరిదాకా వచ్చి ఆగింది, కుండదాకా రాలేదు.

చట్టం మాట వచ్చింది కాబట్టి రెండో చట్టం సంగతి. మన కోర్టుల్లో పరువు నష్టం దావా అంటాం. 1860 నాటి భారత శిక్షాస్మృతి 499వ సెక్షన్ ఒకరి పేరు ఎప్పుడు చెడినట్టో వివరించేది: ఇతరుల అంచనాలో నైతికంగానో మేధాపరంగానో తగ్గినప్పుడు, కులం విషయంలోనో వృత్తి విషయంలోనో తగ్గినప్పుడు, పరపతి తగ్గినప్పుడు. 'ఇతరుల అంచనాలో' అనే షరతు అసలుది, ఆ పుస్తకం ఇతరుల దగ్గరే ఉందని తెల్లదొరలకు తెలుసు. కులాన్ని ఆ జాబితాలో చేర్చడమూ వాళ్లకు తెలుసు. 2024 జూలై 1 నుంచి ఆ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 356వది అయింది. అంతకుముందే 2016లో సుప్రీంకోర్టు, పేరు ప్రతిష్ఠలు జీవించే హక్కులో భాగమేనని చెప్పి ఆ నేరాన్ని చట్టంలో ఉంచింది. దీన్ని దాటి వెళ్లిపోతాను, ఎందుకంటే డెల్టాలో పరువు కోసం కోర్టుకు వెళ్లేవాళ్లు తక్కువ. వెళితే ఉన్నది కూడా పోతుందని భయం.

పెద్దలు మాత్రం గీతను తెస్తారు. 'సంభావితస్య చాకీర్తిర్మరణాదతిరిచ్యతే': గౌరవం పొందినవాడికి అపకీర్తి చావుకన్నా హీనం. రెండో అధ్యాయంలో ఉంది, నిజమే. విల్లు కింద పడేసి కూర్చున్న యోధుణ్ని లేపడానికి చెప్పిన మాట అది. అదే నోటితో పన్నెండో అధ్యాయంలో 'తుల్యనిందాస్తుతిః' అన్నాడు, నిందనూ స్తుతినీ సమంగా చూసేవాడు నాకు ఇష్టుడని. మొదటి శ్లోకాన్ని కూతుళ్లకు చదివి వినిపించే తండ్రులు రెండోదాన్ని తమ కోసం ఎందుకు చదువుకోరో నాకు అర్థం కాదు. అపకీర్తి చావుకన్నా హీనమన్నది చెప్పినవాడు కూడా ఒకరి అపకీర్తికి ఇంకొకరు చావాలని చెప్పలేదు.

అక్కడికే వస్తున్నాను. వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకున్న అమ్మాయినో, ఆ అబ్బాయినో చంపినప్పుడు పత్రికలు పరువు హత్య అని రాస్తాయి. 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి హత్యలను ఆపడానికి పోలీసులు ఏం చేయాలో మార్గదర్శకాలిచ్చింది. శీర్షికలు మారలేదు. దొంగతనం చేసినవాడు ఆకలి వల్ల చేశానంటే ఆకలి దొంగతనం అని పెద్దక్షరాల్లో వేస్తారా? లంచం తీసుకున్నవాడు పిల్లల చదువు కోసమంటే చదువు లంచం అని వేస్తారా? ఈ ఒక్క నేరంలోనే నిందితుడు చెప్పుకున్న కారణాన్ని మనమే శీర్షికగా కట్టి ఇస్తున్నాం. పైగా ఆ కారణం మంచి మాటలా వినిపిస్తుంది. చదివేవాడు అయ్యో అనుకునే లోపలే, పాపం ఆ తండ్రికి ఎంత అవమానమైందో అని ఒక్క క్షణం అటువైపు తూగుతాడు.

వార్తలు రాసే మిత్రులు మాకు ఇటువైపు చాలామందే ఉన్నారు. వాళ్లకు నేను ఈ మధ్య చెబుతున్నది ఇదే: హత్య అని రాయండి, అదే చాలు. కారణం కూడా కావాలంటే, కులం కోసం చంపినప్పుడు కుల హత్య అని రాయండి. శీర్షికలో ఒక అక్షరం చోటు కూడా మిగులుతుంది.